పేరు అరగదీసిన కార్బొరేటర్

జూన్ 2

పొద్దున్నే టోపీ వచ్చాడు. పాత కార్లు కొని, తోమి, ప్రదర్శనలకు తిప్పే మనిషి. ఇంట్లో కూర్చున్నా టోపీ తీయడు కాబట్టి ఊళ్లో అందరం పెట్టుకున్న పేరు అది. ఎప్పుడు వచ్చినా సంచిలోంచి పేరూ నంబరూ లేని కార్బొరేటర్ ఒకటి తీసి నా బల్ల మీద పెట్టి, "ఇది ఏ బండిదో చెప్పండి గురువుగారూ" అంటాడు. నేను అటూ ఇటూ తిప్పి, గోటితో కొట్టి చూసి, కళ్లు మూసుకుని చెబుతాను. కళ్లు మూసుకోవడం అవతలివాళ్ల తృప్తి కోసం. చూడాల్సింది అంతకు ముందే చూసేసి ఉంటాను.

ఈసారి సంచి లేదు. ఒక అట్టముక్క తెచ్చాడు. దాని మీద కార్బొరేటర్ కూర్చునే ఇంజన్ మూతి, బోల్టు రంధ్రాలు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి.

"మీ అన్నగారి బండి కొంటున్నానండి," అన్నాడు. "అన్నీ ఉన్నాయి, కార్బొరేటర్ ఒక్కటే లేదు. అది మీ పెట్టెలో ఉందటగా. ఏదో ఒకటి బిగించి ఇస్తే నాకొద్దు, ఆ బండితో పుట్టిందే కావాలి. ఇదీ అని మీ నోటితో చెబితేనే కొంటాను."

"బండి ఆయనది. అమ్ముకుంటాడో ఊరేగిస్తాడో ఆయన ఇష్టం. మధ్యలో నాకేం సంబంధం?" అన్నాను.

నిజంగానే లేదు. నాన్న పోయాక పంపకాల్లో షెడ్డులోని కారు అన్నయ్యకీ, విడిభాగాల పెట్టె నాకూ వచ్చాయి. "నీకు బండెందుకురా, నీకు ముక్కలు చాలు" అన్నాడు ఆ రోజు, అందరి ముందూ. మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కితే ఒట్టు అని నేనూ అందరి ముందే అన్నాను. అప్పటికి కార్బొరేటర్ శుభ్రం చేయడానికి విప్పి ఉంది. అదీ పెట్టెలో పడి నాతో వచ్చేసింది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు ఊదే ముంత అది. అది లేకపోతే కారు ఉత్త నులకమంచం. అన్నయ్య అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ బండిని తలుచుకోవడమే మానేసి చాలా ఏళ్లయింది.

తలుపుల నీలంరంగు వెలిసిపోయిందని టోపీ చెప్పాడు. వెలిసిపోదా మరి, ఎవరైనా ఒక గుడ్డ కప్పితే కదా. కిటికీలోంచి ఎండ నేరుగా ఎడమ తలుపు మీద పడుతుంది. ఆ మాత్రం చూసుకోలేనివాడు పంచుకోవడం ఎందుకు.

జూన్ 3

పెట్టె తెరవలేదు.

జూన్ 4

పెట్టె తెరిచాను. దుమ్ము దులపడానికి.

నాన్నకు ఒక అలవాటు ఉండేది. తన చేతికి వచ్చిన ప్రతి కార్బొరేటర్ మీదా కంపెనీ పేరును ఆకురాయితో అరగదీసేవాడు. పేరు తెలిస్తే బండివాడు విడిభాగం బయట కొనుక్కుంటాడు, తెలియకపోతే చచ్చినట్టు మళ్లీ మన దగ్గరికే వస్తాడు, అని ఆయన తెలివి. ఆయన్ని చూసి చుట్టుపక్కల మెకానిక్‌లంతా నేర్చుకున్నారు. వాళ్లంతా కలిసి చెరిపేసినవాటిని ఇప్పుడు నేను కూర్చుని చెబుతూ బతుకుతున్నాను. ఆయన అరగదీయకపోతే నాకు అన్నం లేదు.

అట్టముక్క చేతిలో ఉంది కదా అని ఒక్కొక్కదాని మీదా పెట్టి చూశాను. రెండింటికే రంధ్రాలు కలిశాయి. ఒకటి ఇత్తడి గిన్నెది, పొడుగు మెడ, అందగత్తె. రెండోది పొట్టిది, బూడిదరంగు, అంచున ఒక మూల పెచ్చు ఊడింది. చేతిలోకి తీసుకోబుద్ధి కూడా కాదు.

చూడగానే తెలిసిపోయింది. ఇత్తడిదే. చిన్నప్పుడు నాన్న బానెట్ ఎత్తితే నేను స్టూలు వేసుకుని తొంగి చూసేవాణ్ణి. లోపల ఇత్తడి తళుక్కుమనేది. ఆ మెరుపు ఇప్పటికీ కళ్లలో ఉంది. నా మొత్తం వృత్తికి అదే అక్షరాభ్యాసం అనుకోవచ్చు. ఇంకేం రుజువు కావాలి?

మీట ఒక్కటి తేడా. ఇత్తడిదానికి ఎడమవైపు, పొట్టిదానికి కుడివైపు. పెడల్ నుంచి వచ్చే కడ్డీ ఏ పక్కన ఉందో బండిలో చూస్తే ఎవరికైనా తేలిపోతుంది. మా ఆవిడ అదే అంది.

"పక్క వీధేగా. వెళ్లి ఓ చూపు చూసి రావచ్చుగా?"

"బండి చూసి ఎవడైనా చెబుతాడు. చూడకుండా చెబుతాననే కదా వీళ్లంతా నా దగ్గరికి వచ్చేది."

"ఒట్టు ఇంకా కరగలేదన్నమాట," అంది. ఒట్టుకూ దీనికీ సంబంధం లేదు. ఇది వృత్తి మర్యాద.

జూన్ 5

ఇత్తడిదని చెబితే టోపీ బండి తోలుకుపోతాడు.

చెప్పకపోతే ఆ పెద్దాయనకు చేతకాలేదు అని నలుగురికీ చెబుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బండి పోతే నాకేంటి?

జూన్ 6

ఇంటి పక్క సందు టేపుతో కొలిచాను. పాత కుండీలు రెండు జరిపితే కారు పడుతుంది. పైన రేకు వేయించాలి. ఊరికే కొలిచాను.

మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసింది. "బండి నాకివ్వు అన్నయ్యా అని అడిగితే మీ నోటి ముత్యాలేం రాలిపోవు," అంది.

అడగను. అడిగితే ఇచ్చేస్తాడు. ఆ మాట మీద జన్మంతా పెద్దమనిషి అనిపించుకుంటాడు. అది భరించడం నా వల్ల కాదు.

జూన్ 8

అన్నయ్య వచ్చాడు. మా ఇంటికి. తనంతట తాను.

కాస్త వంగాడు. చొక్కా జేబులో కళ్లజోడు పెట్టె, చేతిలో గొడుగు. ఎక్కడ కూర్చోవాలో తెలియక బల్ల పక్క స్టూలు మీద కూర్చున్నాడు. అది పనివాళ్ల స్టూలు. "కుర్చీలో కూర్చోండి బావగారూ," అని మా ఆవిడే అంది. నాకు ఆ మాట సమయానికి రాలేదు.

"షెడ్డు స్థలం వాళ్లు పడగొట్టేస్తున్నారురా," అన్నాడు. "మేమేమో మూడో అంతస్తుకి మారుతున్నాం. లిఫ్ట్ ఉందిలే. మీ వదినా నేనూ పడతాం, బండి పట్టదు."

"ఊఁ."

"దాన్ని ఎక్కడ పెట్టనురా?"

అలా అంటూ కిటికీలోంచి సందు వైపు చూశాడు. టేపు అక్కడే కుండీ మీద వదిలేశాను. లేచి కిటికీ తలుపు వేశాను.

"ఎండ," అన్నాను. "అమ్మేయ్ మరి. టోపీ బాగానే చూసుకుంటాడు."

అన్నయ్య గొడుగు పిడి అటూ ఇటూ తిప్పాడు. "అంతేనంటావా," అన్నాడు.

"ఇనుముని పట్టుకుని ఏడుస్తామా?"

"ఏది అసలుదో తేల్చావా మరి?"

"పరీక్షలు చేయాలి. ఇది కూరగాయలు ఏరడం కాదుగా."

కాఫీ తాగాడు. నాన్న ఆకురాయి ఇంకా నా బల్ల మీద ఉండటం చూసి తీసి, బొటనవేలితో రాసి చూసి, జాగ్రత్తగా అక్కడే పెట్టాడు. పాత సంగతి ఒక్కటీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వెళ్లేటప్పుడు మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకుందామనుకున్నాను గానీ, అప్పటికే గోడ పట్టుకున్నాడు.

జూన్ 9

పరీక్షలు చేస్తున్నాను. కిరోసిన్‌లో కడిగి రెండింటినీ పళ్లెంలో ఆరబెట్టాను.

జూన్ 10

పరీక్షలు చేస్తున్నాను. అన్నయ్య మళ్లీ వచ్చాడు. టోపీ తొందరపెడుతున్నాడట. కుర్చీలోనే కూర్చున్నాడు.

జూన్ 11

ఈ రోజు అన్నయ్య రాలేదు. పరీక్షలకు తొందరేముంది.

జూన్ 12

ఆలోచన తట్టింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను, ఎవరు చూడొచ్చారు కనక.

పొట్టిది ఇస్తాను. ఇదే అసలుదని చెబుతాను.

రంధ్రాలు కలుస్తాయి కాబట్టి బిగుసుకుంటుంది. కానీ కడ్డీ అందదు, ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోతుంది. టోపీ మొహం ముడుచుకుని పోతాడు. అసలుది దొరకని బండిని ఎవడూ కొనడు. షెడ్డు పడగొట్టే రోజు దగ్గర పడుతుంది. అన్నయ్య ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంటాడు. అప్పుడు నేను, ఆయన అడగకుండానే, పోనీలే సందులో ఓ మూల పడేయ్ అంటాను. అడిగింది నేను కాదు, ఆదుకుంది నేను.

నా పేరు పోతుంది. అది నిజమే. ఇన్నేళ్లలో ఒక్క కార్బొరేటర్‌కు కూడా తప్పు చెప్పలేదు, ఎవరినైనా అడగండి. టోపీ నాలుక ఊరుకోదు. నెలలోపు బల్ల ఖాళీ అవుతుంది.

పోతే పోనీ. నాన్న బండి సందులో ఉంటుంది. తలుపు తెరిచి ఆ సీటులో కూర్చోవచ్చు. ఆ తోలు వాసన ఇంకా ఉండి ఉంటుందా?

ఇది అబద్ధం కాదు. నిజాన్ని కొన్నాళ్లు వాయిదా వేయడం.

జూన్ 14

చెప్పేశాను.

టోపీ, అన్నయ్య ఇద్దరూ వచ్చారు. రెండింటినీ తెల్లగుడ్డ మీద పెట్టాను. పొట్టిదాన్ని తీసుకుని అరచేతిలో బరువు చూశాను, గొంతులోకి ఊదాను, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. ఈసారి నిజంగానే మూసుకోవాల్సి వచ్చింది, అన్నయ్య మొహం చూడలేక.

"ఇది," అన్నాను.

"నేను ఇత్తడిదనుకున్నానండీ," అన్నాడు టోపీ.

"అందరూ అలాగే అనుకుంటారు." ఆ మాట అంత దర్జాగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

అన్నయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. "ఇంకోసారి చూడరా," అన్నాడు.

"చూశాను."

"ఇదేనా? ఖాయమేనా? నిదానంగా చూడు, మించిపోయిందేం లేదు."

"నా పని నాకు తెలుసు అన్నయ్యా."

ఆయన మొహం వాడిపోయింది. అనుమానం వచ్చిందన్నమాట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గుడ్డ మడత పెట్టే పనిలో పడ్డాను. టోపీ పొట్టిదాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లాడు.

జూన్ 15

రేపు బిగిస్తారు. నన్ను రమ్మన్నారు. కాలు నొప్పి అని కబురు పంపాను.

జూన్ 16

వెళ్లాను. మా ఆవిడ చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "కాలు నొప్పి ఏ కాలో ముందు తేల్చుకోండి. పొద్దున్నుంచీ రెండూ కుంటుతున్నారు," అంది.

షెడ్డు గడప దగ్గర ఆగాను. ఎవరూ నా ఒట్టు గుర్తు చేయలేదు. దాటాను. లోపల అదే ఇంజనాయిల్ వాసన, గోడకు అవే మేకులు. ఎడమ తలుపు నిజంగానే వెలిసిపోయింది. కానీ బండి మీద దుప్పటి మడతల గుర్తులున్నాయి. కప్పేవాడన్నమాట.

టోపీ తన మెకానిక్‌ను తెచ్చుకున్నాడు. అతను బానెట్ ఎత్తాడు. నేను తొంగి చూశాను. ఇప్పుడు స్టూలు అక్కర్లేదు.

కడ్డీ కుడివైపు ఉంది.

నాకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చూశాను. కుడివైపే. ఇంజన్ మూతి మీద పాత కార్బొరేటర్ ఆనిన గుర్తు ఉంది, మూడు మూలలు నిండుగా, నాలుగోది తెగి. మెకానిక్ పొట్టిదాన్ని తీసుకెళ్లి అక్కడ ఆనించాడు. పెచ్చు ఊడిన మూల సరిగ్గా తెగిన గుర్తు మీద కూర్చుంది. కడ్డీ చివర మీటలోకి దానంతట అదే దూరింది.

"అబ్బ," అన్నాడు మెకానిక్.

హ్యాండిల్ పెట్టి తిప్పాడు. మొదటిసారి గురక. రెండోసారి అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. ఆ శబ్దం వినగానే నాకు ఒళ్లు తెలియలేదు. అచ్చం అదే గొంతు. నాన్న పొద్దున్నే బండి తీసేటప్పుడు పక్క గదిలో పడుకుని విన్న గొంతు. నవ్వేశాను కూడా.

ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. టోపీ తల మీంచి టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. నాకు దణ్ణం పెట్టాడు. బట్టతల.

"బండి చూడకుండా!" అంటున్నాడు మెకానిక్‌తో. "ఇంటి బల్ల దగ్గర కూర్చుని, కళ్లు మూసుకుని! ఇత్తడిదని నేనంటే నవ్వారు!"

ఆ రోజు నేను నవ్వలేదు. కానీ ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పను.

ఇత్తడిదని నా ప్రాణానికి ప్రాణంగా తెలుసు. ఆ తెలియడం తప్పు. మరి ఇన్నేళ్లుగా తెలిసినవన్నీ? ఎక్కడెక్కడి బండ్లలోనో నేను పేరు పెట్టి పంపినవి బిగుసుకుని కూర్చున్నాయి. వాటిలో ఎన్ని నులకమంచాలు?

అన్నయ్య బండి ముందు రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అది అదురుతుంటే ఆయన చెయ్యీ అదురుతోంది. అది ఇంజన్ వల్లే అనుకుంటున్నాను.

జూన్ 17

తోలుకుపోయాడు. మలుపు దాకా వినబడింది.

జూన్ 21

టోపీ నోరు బాగా పనిచేస్తోంది. నాలుగు రోజులుగా గుమ్మం ముందు మనుషులు. ఎవరెవరో సంచులు పట్టుకుని వస్తున్నారు.

ఈ రోజు ఒకాయన మూతి విరిగిన కార్బొరేటర్ తెచ్చాడు. తిప్పి చూశాను. మనసు ఏదో పేరు చెబుతోంది. ఇదీ అదే మెరుపు లాంటిదేమో అని భయం వేసింది.

"తెలియదండీ," అన్నాను. జీవితంలో మొదటిసారి.

ఆయన చేతులు జోడించాడు. "ఇంత తెలిసినాయన నోట తెలియదన్న మాట రావడం... అందుకే మీరంతటివారు," అని వెళ్లి, వీధిలో నిలబడి ఇంకో ఇద్దరికి చెప్పాడు. సాయంత్రానికి ఆ ఇద్దరూ వచ్చారు. పెట్టె మూసి తాళం వేశాను.

జూన్ 23

ఉండబట్టలేక అన్నయ్య కొత్త ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు. హాల్లో విప్పని అట్టపెట్టెలు, వాటి మీద వదిన మందుల డబ్బా. వదిన నన్ను చూసి పెట్టె ఒకటి తుడిచి, "కూర్చో మరిదీ, ఇవే మా సోఫాలు," అని కాఫీ పెట్టడానికి వెళ్లింది.

నిలబడే చెప్పేశాను. "అన్నయ్యా, నేను అబద్ధం చెప్పాను. అది కాదనుకునే పొట్టిది ఇచ్చాను. అసలుది ఇత్తడిదనే అనుకున్నాను."

అన్నయ్య పగలబడి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నాన్నా ఇంతేరా. ఎవరైనా పొగిడితే, నాకేం రాదు, గుడ్డిగా చేశాననేవాడు."

"నిజం అన్నయ్యా. చిన్నప్పుడు బానెట్ ఎత్తితే ఇత్తడిదే కదా ఉండేది..."

"అది గొప్పవాళ్లు బండి చూడ్డానికి వచ్చిన రోజు పెట్టేవాడు, మెరుస్తుందని. వాళ్లు వెళ్లగానే తీసేసేవాడు. దాంతో బండి గేటు కూడా దాటదు. పొట్టిది నేను ఎన్నిసార్లు విప్పి కడిగానో. ఆ మూల పెచ్చు ఊడగొట్టింది నేనే, నాన్న చేత తన్నులు తిన్నది కూడా నేనే."

"నీకు తెలుసా? మరి నన్నెందుకు అడిగావు?"

"టోపీ అడిగాడు, నీ మాటైతేనే నమ్ముతానని." అన్నయ్య నవ్వు ఆపేశాడు. అట్టపెట్టె మీద తాడు ముడి విప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "నేనూ మీ వదినా ఓ మాట అనుకున్నాంలే. నీకు తెలియకుండా పోదు కదా ఏది అసలుదో. నువ్వు ఇత్తడిది చూపించావంటే, బండి పోనివ్వడం ఇష్టం లేకే అబద్ధం చెబుతున్నట్టు, అప్పుడు టోపీని పంపించేసి బండి నీ సందులో పెట్టించేద్దాం అని. నోరు తెరిచి అడగవు కదా నువ్వు. చిన్నప్పటి నుంచీ అంతే."

నేను పెట్టె మీద కూర్చున్నాను. అది నా బరువుకు కొద్దిగా లోపలికి పోయింది.

"ఇంకోసారి చూడరా, ఇంకోసారి చూడరా అని అందుకే అన్నాను," అన్నాడు. "నువ్వు ఉన్నదున్నట్టు చెప్పావు. అబద్ధం ఆడేవాడే అయితే అది ఆ రోజే ఆడి ఉండాలి. మీ వదిన అంది కూడా, నీకు ఆ బండి మీద మమకారం ఏమీ లేదని తేలిపోయిందిగా అని. పోనీలే అనుకున్నాను." తాడు విడిపోయింది. దాన్ని ఉండగా చుట్టి జేబులో పెట్టుకుని, అప్పుడు నా వైపు చూశాడు. "ఏరా, కావాల్సిందా నీకు?"

వదిన కాఫీ తెచ్చింది. ఇద్దరూ నా జవాబు కోసం చూస్తున్నారు.

"అబ్బే," అన్నాను. "మా సందులో అది పట్టదు."

ఇంటికి వచ్చి గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఏమైందంది. కిరోసిన్ కళ్లలో పడిందని చెప్పాను. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉందని ఆమెకు కనబడుతూనే ఉంది. అయినా తడిగుడ్డ తెచ్చి ఇచ్చింది.